లావంతా కొవ్వు కాదు: కార్టిసాల్ ఆధిక్యాన్ని పట్టే లాలాజల పరీక్ష

శరీరం లావెక్కుతున్నదనగానే మన ఇళ్ళలో కొన్ని పనులు వరుసగా జరుగుతాయి. రాత్రిపూట అన్నం మాని గోధుమ రొట్టెలు మొదలుపెడతారు. ఉదయాన్నే గోరువెచ్చని నీటిలో తేనె, నిమ్మరసం కలిపి తాగుతారు. త్రిఫల చూర్ణం తెచ్చుకుంటారు. అప్పటికీ బరువు తగ్గకపోతే, తిండి మీద అదుపు లేదని ఆ మనిషినే నిందిస్తారు. స్థూలకాయుల్లో అధిక సంఖ్యాకుల విషయంలో ఆహార విహారాలే ప్రధాన కారణమన్నది నిజమే. కాని కొద్దిమందిలో తిండికీ ఆ లావుకూ సంబంధం ఉండదు. వారి శరీరంలో కార్టిసాల్ అనే హార్మోన్ మితిమీరి ఉంటుంది. వారు ఎంత ఉపవాసం చేసినా పొట్ట తగ్గదు, పైగా కండ కరిగిపోతుంది.

ఈ వ్యాధిని కుషింగ్ సిండ్రోమ్ అంటారు. దీనిని గుర్తించడానికి నేడున్న ముఖ్యమైన పరీక్షలలో ఒకటి చాలా సులభమైనది. సూది లేదు, రక్తం లేదు, ఆస్పత్రిలో పడుకోనక్కరలేదు. రాత్రి నిద్రపోయే ముందు కొద్దిపాటి లాలాజలం, అనగా నోటిలో ఊరే ఉమ్మి, ఇస్తే చాలు. అయితే ఆ లాలాజలం చెప్పే సాక్ష్యం సరైనది కావాలంటే, మనం నోట వేసుకునే మందులు, మూలికలు, చర్మానికి పూసుకునే లేపనాలు ఏవేవో వైద్యునికి పూర్తిగా తెలియాలి. గృహవైద్యం మీద నమ్మకమున్న మన పాఠకులకు ఈ విషయం మరీ ముఖ్యం. ఆయుర్వేద వైద్యుడిగా నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కార్టిసాల్ అంటే ఏమిటి?

మన రెండు మూత్రపిండాలపైన చిన్న టోపీల వలె రెండు అధివృక్క గ్రంథులు ఉంటాయి. వీటినే అడ్రినల్ గ్రంథులంటారు. వీటి పై పొరలో కార్టిసాల్ తయారవుతుంది. ఎంత తయారు కావాలో నిర్ణయించేది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి. అది ఏసీటీహెచ్ అనే హార్మోన్ ద్వారా అధివృక్క గ్రంథులకు ఆజ్ఞ పంపుతుంది. పీయూష గ్రంథికి పైనుంచి ఆజ్ఞ ఇచ్చేది మెదడులోని హైపోథలామస్.

కార్టిసాల్ శత్రువు కాదు. అది లేకపోతే ప్రాణమే నిలవదు. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, భయం కలిగినా, ఉపవాసమున్నా శరీరాన్ని నిలబెట్టేది ఇదే. రక్తంలో చక్కెరను, రక్తపోటును తగిన స్థాయిలో ఉంచుతుంది. శోథను, అంటే వాపును, అణచివేస్తుంది. అవసరమున్నప్పుడు పెరిగి, అవసరం తీరాక తగ్గడం దాని ధర్మం. ఆ తగ్గడం లేనప్పుడే అది వ్యాధిగా మారుతుంది.

అమెరికాకు చెందిన మెదడు శస్త్రచికిత్స నిపుణుడు హార్వే కుషింగ్ 1912లో ఇటువంటి లక్షణాలున్న ఒక యువతి విషయాన్ని తన గ్రంథంలో వర్ణించారు. 1932లో పన్నెండు మంది రోగుల వివరాలతో వ్యాసం ప్రకటించి, దీనికి పీయూష గ్రంథిలోని చిన్న కణితులతో సంబంధమున్నదని చూపారు. ఆయన పేరే వ్యాధికి స్థిరపడింది. దేహంలోనే పుట్టే కుషింగ్ వ్యాధి అరుదైనది. పది లక్షల జనాభాలో ఏడాదికి రెండు మూడు కొత్త కేసులకు మించవు. పురుషులకన్నా స్త్రీలలో ఎక్కువ. అయితే బయటినుంచి తీసుకునే స్టెరాయిడ్ మందుల వలన ఇవే లక్షణాలు కలగడం అంత అరుదు కాదు. ఈ తేడాను పాఠకులు ఇప్పుడే మనసులో ఉంచుకోవాలి.

ఈ లావుకు, మామూలు లావుకు తేడా

చరక సంహిత సూత్రస్థానంలో అష్టౌనిందితీయమనే అధ్యాయం ఉంది. అందులో అతిస్థూలుని లక్షణాలు చెబుతూ చరకుడు మేదస్సుతో పాటు మాంసం కూడా అతిగా పెరుగుతుందని, పిరుదులు, ఉదరం, స్తనాలు కదలాడుతుంటాయని వివరిస్తాడు. అంటే స్థౌల్యంలో మేదస్సు, మాంసం రెండూ పెరుగుతాయి.

కుషింగ్ రోగిలో అలా ఉండదు. మేదస్సు పెరుగుతుంది కాని మాంసం క్షీణిస్తుంది. ముఖం నిండు చందమామ వలె గుండ్రమవుతుంది. బుగ్గలు ఎర్రబడతాయి. మెడ వెనుక చిన్న మూపురంలా కొవ్వు చేరుతుంది. పొట్ట ముందుకు వస్తుంది. కాళ్ళు, చేతులు మాత్రం సన్నబడతాయి. నేల మీద కూర్చున్నవారు చేయి ఆన్చకుండా లేవలేరు, మెట్లెక్కడం కష్టమవుతుంది. చర్మం పలుచబడి, ఏ కొద్దిగా తగిలినా కమిలిపోతుంది. పొట్ట మీద, తొడల మీద వంకాయరంగు చారలు పడతాయి. ప్రసవం తరువాత కనిపించే తెల్లని సన్నని చారలు వేరు, ఇవి ఒక సెంటీమీటరుకు మించి వెడల్పుగా, ఊదారంగులో ఉంటాయి. వీటితోపాటు అధిక రక్తపోటు, మధుమేహం, ఎముకలు గుల్లబారడం, స్త్రీలలో ఋతుక్రమం తప్పడం, ముఖంపై అవాంఛిత రోమాలు, నిద్రలేమి, మనసు కుంగిపోవడం వంటివి కనిపించవచ్చు. పిల్లల్లో అయితే ముఖ్యమైన గుర్తు ఒకటుంది. బరువు పెరుగుతూ ఎత్తు పెరగడం ఆగిపోతుంది.

ఈ లక్షణాలన్నీ ఒకేసారి ఒకే మనిషిలో కనబడవు. ఒక్కొక్కటిగా చూస్తే ఏదో ఒకటి ప్రతి ఇంటిలోనూ ఉంటుంది. అందుకే రోగి బీపీకి ఒక వైద్యుని, షుగరుకు మరొకరిని, ఋతుక్రమానికి ఇంకొకరిని చూస్తూ తిరుగుతుంది. లక్షణాలు మొదలైనప్పటినుంచి వ్యాధి నిర్ణయం జరగడానికి సగటున మూడేళ్ళ దాకా పడుతున్నదని పరిశోధనలు చెబుతున్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. కార్టిసాల్‌ను ఫలానా దోషమని శాస్త్రంలోని ఏదో ఒక పేరుతో ముడిపెట్టడం నాకు సమ్మతం కాదు. కాని మాంసక్షయం ఉన్న రోగికి స్థౌల్యమని పొరబడి రూక్ష చికిత్సలు, ఉపవాసాలు, గట్టిగా పొడిపిండితో రుద్దే ఉద్వర్తనం చేయిస్తే ఉన్న బలం కూడా పోతుందని మన శాస్త్రం ప్రకారమే చెప్పవచ్చు. పలుచబడిన చర్మం ఆ రాపిడికి చిట్లుతుంది కూడా. చికిత్సకు ముందు వ్యాధి నిర్ణయం అన్నది అందరికీ వర్తించే సూత్రమే.

రాత్రివేళే ఎందుకు? లాలాజలమే ఎందుకు?

కార్టిసాల్‌కు ఒక దినచర్య ఉంది. తెల్లవారుజామునుంచి పెరుగుతూ మనం నిద్రలేచే వేళకు పతాకస్థాయికి చేరుతుంది. పగలంతా క్రమంగా తగ్గుతూ అర్ధరాత్రి ప్రాంతంలో అతి తక్కువగా ఉంటుంది. కుషింగ్ వ్యాధిలో మొదట చెడేది ఈ రాత్రి తగ్గుదలే. ఉదయం తీసిన రక్తంలో ఆరోగ్యవంతునికీ రోగికీ ఒకే అంకె రావచ్చు. అందుచేత ఉదయం ఒక్కసారి రక్తం పరీక్షించి వ్యాధి ఉన్నదని గాని లేదని గాని తేల్చడం సాధ్యం కాదు. తేడా బయటపడేది రాత్రివేళ.

మరి అర్ధరాత్రి రక్తం తీయాలంటే రోగిని ఆస్పత్రిలో చేర్చాలి. సూది చూసిన భయానికే కార్టిసాల్ పెరుగుతుంది. లాలాజలానికి ఆ చిక్కు లేదు. ఇంట్లో ప్రశాంతంగా కూర్చుని ఇవ్వవచ్చు.

మరొక సౌలభ్యం కూడా ఉన్నది. రక్తంలోని కార్టిసాల్‌లో నూటికి తొంభై పాళ్ళకు పైగా కొన్ని ప్రోటీనులను అంటిపెట్టుకుని ఉంటుంది. స్వేచ్ఛగా ఉండే కొద్ది భాగమే శరీరంలో పనిచేస్తుంది. ఆ కొద్ది భాగమే లాలాజల గ్రంథుల గుండా నోటిలోకి చేరుతుంది. లాలాజలం ఎక్కువ ఊరినా, తక్కువ ఊరినా దానిలోని కార్టిసాల్ గాఢతలో పెద్ద తేడా రాదు. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో ఈస్ట్రోజెన్ వలన ఆ ప్రోటీను పెరిగి, రక్తంలోని మొత్తం కార్టిసాల్ ఎక్కువగా కనిపిస్తుంది. లాలాజలంపై ఆ ప్రభావం తక్కువ.

1998లో అమెరికాలోని మిల్వాకీ నగర పరిశోధకులు రాత్రివేళ లాలాజల కార్టిసాల్‌ను కుషింగ్ వ్యాధికి తొలి పరీక్షగా వాడవచ్చునని చూపారు. 2008లో ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు దానిని తొలి పరీక్షలలో ఒకటిగా స్వీకరించాయి. ఆ మార్గదర్శకాలలో డెసిలీటరుకు 145 నానోగ్రాములు, అంటే లీటరుకు 4 నానోమోల్స్, మించితే అనుమానించాలని ఉన్నది. అయితే ప్రయోగశాల పద్ధతిని బట్టి ఈ హద్దు మారుతుంది. కనుక నివేదికపై ఆ ప్రయోగశాల ముద్రించిన హద్దునే చూడాలి.

సేకరించే విధానం

ఈ పరీక్షకు ప్రయోగశాలవారు ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం, అందులో దూదిచుట్ట ఇస్తారు. రాత్రి పదకొండు, పన్నెండు గంటల మధ్య ఆ దూదిని నోటిలో ఉంచుకుని ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా నమిలి తిరిగి గొట్టంలో వేయాలి. కొన్ని చోట్ల దూది లేకుండా లాలాజలాన్ని నేరుగా గొట్టంలోకి జారవిడవమంటారు. గొట్టం మీద తేదీ, సమయం రాయాలి. ఉదయం అందజేస్తే చాలు. లాలాజల కార్టిసాల్ తొందరగా చెడిపోదు, ఫ్రిజ్‌లో ఉంచితే వారాల తరబడి నిలుస్తుంది. కనీసం రెండు వేర్వేరు రాత్రుల నమూనాలు ఇవ్వాలి. ఒక్క రాత్రి ఫలితంతో ఏ నిర్ణయానికీ రాకూడదు.

సేకరణకు అరగంట ముందునుంచి తినడం, తాగడం, పళ్ళు తోముకోవడం, పొగతాగడం కూడదు. చిగుళ్ళనుంచి రక్తం కారుతుంటే ఆ రాత్రి వాయిదా వేయాలి. రక్తం కలిస్తే కార్టిసాల్ హెచ్చుగా కనిపిస్తుంది. ఇంట్లో పెళ్ళి, జాగారం, జ్వరం, గొడవ ఉన్న రోజున ఇవ్వకూడదు. రాత్రి డ్యూటీలు చేసేవారికి, తరచు డ్యూటీ వేళలు మారేవారికి కార్టిసాల్ దినచర్యే మారిపోయి ఉంటుంది కనుక ఈ పరీక్ష తగదు. వారికి వేరే పరీక్షలున్నాయి.

నివేదిక నిజం చెప్పినప్పుడు

ముప్పై ఆరేళ్ళ ఒక గృహిణి లావు తగ్గే మందు కావాలని నా వద్దకు వచ్చింది. రెండేళ్ళలో పధ్నాలుగు కిలోలు పెరిగింది. రోజూ గంట నడుస్తున్నది, రాత్రి భోజనం మానేసింది. "దొంగచాటుగా తింటున్నానని ఇంట్లో అందరూ అనుకుంటున్నారండీ" అని కన్నీళ్ళు పెట్టుకున్నది. నాడి చూద్దామని చేయి పట్టుకోగానే గాజులు మోచేతి దాకా జారాయి. రవికెలన్నీ ఛాతీ దగ్గర బిగుతైతే, ఈ గాజులు మాత్రం ఏడాదిగా వదులవుతున్నాయని చెప్పింది. చాప మీద నుంచి లేవమంటే రెండు చేతులూ నేలకు ఆన్చింది. ముంజేతి మీద కమిలిన మచ్చలు, పొట్టమీద ఊదారంగు చారలు ఉన్నాయి.

నేను మేదోహర ఔషధాలేవీ ఇవ్వలేదు. స్టెరాయిడ్ మందులు గాని, లేపనాలు గాని వాడటం లేదని అడిగి తెలుసుకుని, వినాళ గ్రంథుల నిపుణునికి ఉత్తరం రాసి పంపాను. రెండు రాత్రుల లాలాజలంలోనూ కార్టిసాల్ హద్దుకు రెట్టింపు దాటింది. డెక్సామెథాసోన్ మాత్ర ఇచ్చి చేసిన పరీక్షలోనూ తగ్గలేదు. తరువాత ఎంఆర్ఐలో పీయూష గ్రంథిలో చిన్న కణితి కనిపించింది. ముక్కు ద్వారా చేసే శస్త్రచికిత్సతో దానిని తొలగించారు. అంతకాలం నిద్రపోయిన ఆమె సొంత గ్రంథులు మేలుకునేదాకా కొన్ని నెలలు హైడ్రోకార్టిసోన్ మాత్రలు వాడవలసి వచ్చింది. ఏడాదికి ముఖం మామూలు రూపానికి వచ్చింది. ఇప్పటికీ నిర్ణీత కాలానికొకసారి రాత్రి లాలాజలం పంపుతున్నది. ఈ వ్యాధి తిరగబెడితే ముందుగా పసిగట్టేది చాలా సందర్భాలలో ఈ పరీక్షే.

అతిమధురం తెచ్చే చిక్కు

లాలాజల గ్రంథులలో ఒక ఎంజైమ్ ఉంటుంది. అది తనగుండా వెళ్ళే కార్టిసాల్‌లో చాలా భాగాన్ని కార్టిసోన్ అనే నిష్క్రియ పదార్థంగా మారుస్తుంది. మన అతిమధురంలో, అనగా యష్టిమధువులో, గ్లైసిరైజిన్ అనే పదార్థముంది. దానిలో తీపికి మూలమదే. అది ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఫలితంగా కార్టిసాల్ మారకుండా నోటిలోకి వస్తుంది. శరీరంలో కార్టిసాల్ పెరగకపోయినా నివేదికలో పెరిగినట్లు కనబడుతుంది.

ఇదే ఎంజైమ్ మూత్రపిండాలలోనూ ఉన్నది. అక్కడ అడ్డుపడితే శరీరం ఉప్పును, నీటిని పట్టి ఉంచి పొటాషియంను పోగొట్టుకుంటుంది. బీపీ పెరుగుతుంది, పాదాలు వాస్తాయి, కండరాలు నీరసిస్తాయి. చూడటానికి ఇది కార్టిసాల్ ఎక్కువైన స్థితిని పోలి ఉంటుంది.

హరికథలు చెప్పే ఒక పెద్దాయన తన నివేదికతో నా వద్దకు వచ్చారు. బీపీ మందులకు లొంగడం లేదని, పాదాలు వాస్తున్నాయని వైద్యుడు లాలాజల పరీక్ష చేయించారు. రెండు రాత్రులూ ఎక్కువే వచ్చింది. కాని ఆయనకు చారలు లేవు, కమిలిన మచ్చలు లేవు, కండ చెక్కుచెదరలేదు. డెక్సామెథాసోన్ పరీక్ష సవ్యంగా ఉంది. పొటాషియం మాత్రం తక్కువ. గొంతుకు ఏం వాడతారని అడిగితే, సంచిలోంచి అతిమధురం పుల్ల తీసి చూపించి, "ఇది లేనిదే నాకు కథ నడవదు" అన్నారు. ఏళ్ళుగా రోజంతా నములుతూనే ఉన్నారు. ఈ సంగతి వారి వైద్యునికి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే దానిని ఆయన మందుగా లెక్కపెట్టలేదు. పుల్ల మాన్పించి, నెల తరువాత మళ్ళీ పరీక్ష చేయిస్తే లాలాజల కార్టిసాల్ హద్దులోకి వచ్చింది. పొటాషియం కోలుకున్నది, బీపీ దిగింది.

అతిమధురం చెడ్డదని నేను అనడం లేదు. కంఠానికి, కాసకు అది మేలైన ఔషధం. కాని ఔషధమన్న తరువాత దానికి మాత్ర ఉంటుంది, కాలపరిమితి ఉంటుంది. బీపీ ఉన్నవారు, గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు, గర్భవతులు వైద్యుని అడగకుండా దీనిని రోజూ వాడకూడదు. దీని ప్రభావం మానేసిన తరువాత కూడా రెండు వారాల వరకు ఉండవచ్చు. కనుక లాలాజల పరీక్షకు కనీసం రెండు వారాల ముందే మానాలి. దగ్గు కషాయాలు, గొంతు మాత్రలు, కొన్ని పళ్ళపొడులు, కొన్ని నమిలే పొగాకు ఉత్పత్తులు, కొందరు వేసుకునే తాంబూలం, వీటన్నిటిలోనూ అతిమధురం ఉండవచ్చు. కొనేటప్పుడు పదార్థాల జాబితా చదవాలి.

పేరులేని పొడులు, తెల్లబరిచే క్రీములు

మూడో సంగతి మరీ గంభీరమైనది. ఒక వృద్ధురాలు మోకాళ్ళ నొప్పికి సంతలో కొన్న పొడి వాడుతున్నారు. పొట్లం మీద పేరు లేదు, తయారీదారు చిరునామా లేదు. మూడు రోజుల్లోనే నొప్పి మాయమైందట. ఆరు నెలలకు ముఖం గుండ్రమైంది, ఒళ్ళు వచ్చింది. ఇంట్లోవారు పుష్టి పట్టిందని సంతోషించారు. తరువాత షుగరు బయటపడింది. ఆస్పత్రిలో కుషింగ్ అనుమానంతో లాలాజలం చూస్తే కార్టిసాల్ దాదాపు లేనే లేదు. ఉదయపు రక్తంలోనూ బాగా తక్కువ.

ముఖం చూస్తే కార్టిసాల్ ఎక్కువ, పరీక్షలో తక్కువ. ఈ వైరుధ్యానికి అర్థం ఒక్కటే. స్టెరాయిడ్ బయటినుంచి వస్తున్నది. కీళ్ళవాతంలో కార్టిసోన్ చేసే అద్భుతాన్ని 1948లో అమెరికాలో తొలిసారి గమనించారు. 1950లో ఆ కృషికి హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. వైద్యుని పర్యవేక్షణలో ఇవి ప్రాణదాతలు. వాటినే పొడిచేసి ఆయుర్వేదమని, మూలికా మందని అమ్మడం మన శాస్త్రానికి జరుగుతున్న ద్రోహం. ఇటువంటి కల్తీ మన దేశంలోనూ, విదేశాలలోనూ పట్టుబడింది. డెక్సామెథాసోన్ వంటివి లాలాజల పరీక్షకు కార్టిసాల్‌గా కనిపించవు. ప్రెడ్నిసొలోన్‌ను మాత్రం కొన్ని పరీక్షా పద్ధతులు కార్టిసాల్‌గానే లెక్కించి తప్పుదారి పట్టిస్తాయి.

చర్మానికి పూసే స్టెరాయిడ్ క్రీములదీ ఇదే కథ. ముఖం తెల్లబడుతుందని, తామర పోతుందని నెలల తరబడి పూస్తే అవి రక్తంలోకి చేరుతాయి. హైడ్రోకార్టిసోన్ అంటే కార్టిసాలే. ఆ క్రీము పూసిన వేళ్ళతో దూదిని తాకినా నివేదిక తారుమారవుతుంది. ఉబ్బసానికి పీల్చే మందులు, కీళ్ళలోకి ఇచ్చే ఇంజెక్షన్ల సంగతి కూడా వైద్యునికి చెప్పి తీరాలి.

ఆ వృద్ధురాలు నిజం తెలియగానే పొడిని పెంటకుప్పలో పారేస్తానన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. దీర్ఘకాలం బయటి స్టెరాయిడ్‌కు అలవాటు పడినప్పుడు సొంత గ్రంథులు పనిమాని ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం, చివరకు ప్రాణాపాయం కలుగుతాయి. ఆమెను ఆ పొట్లంతో సహా ఆస్పత్రికి పంపాను. అక్కడ కొలత తెలిసిన మాత్రలకు మార్చి, నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గించారు. అనుమానం కలిగిన మందును దాచి వైద్యునికి చూపించాలే గాని, పారేసి ఊరుకోకూడదు.

తోడుగా చేసే ఇతర పరీక్షలు

లాలాజలం ఒక్కటే తీర్పు ఇవ్వదు. రాత్రి ఒక మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ మాత్ర ఇచ్చి మర్నాడు ఉదయం రక్తంలో కార్టిసాల్ చూస్తారు. ఆరోగ్యవంతులలో అది డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములకన్నా తగ్గుతుంది. ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి అందులోని కార్టిసాల్ కొలవడం మూడో పద్ధతి. ఈ పరీక్షలలో కనీసం రెండు ఒకే మాట చెప్పాక, కారణం ఎక్కడున్నదో తెలుసుకోవడానికి ఏసీటీహెచ్, స్కానింగులు చేస్తారు. ముందే స్కాన్ తీయించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. వ్యాధి లేని ఆరోగ్యవంతులలోనూ ఈ గ్రంథులలో చిన్న గడ్డలు కనబడుతుంటాయి. తీవ్రమైన మనోవ్యాకులత, మద్యపానం, అదుపులేని మధుమేహం, అతి స్థౌల్యం ఉన్నవారిలో కుషింగ్ లేకపోయినా కార్టిసాల్ కొంత పెరగవచ్చు. వీటిని వేరుచేసి చూడటం నిపుణుల పని.

ఇంటికి పంపే లాలాజల పెట్టెల మాట

ఈమధ్య రోజులో నాలుగుసార్లు లాలాజలం తీసుకుని, మీ అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయని చెప్పి, వాటికి బలమిచ్చే మందులు అమ్మే వ్యాపారం పెరిగింది. అడ్రినల్ అలసట అనే వ్యాధి ఉన్నదని వైద్యశాస్త్రం అంగీకరించలేదు. మంచి పరీక్షను తగని ప్రశ్నకు వాడితే తగని జవాబే వస్తుంది. కుషింగ్ లక్షణాలు లేనివారు కేవలం అలసటగా ఉన్నదని ఈ పరీక్ష చేయించుకోవడం డబ్బు వృథా.

అశ్వగంధ మానసిక ఒత్తిడి ఉన్నవారిలో కార్టిసాల్‌ను కొంత తగ్గించినట్లు కొన్ని చిన్న పరిశోధనలు చూపాయి. దానిని పట్టుకుని కుషింగ్ వ్యాధికి అశ్వగంధ వాడటం ప్రమాదకరం. కణితినుంచి వచ్చే హార్మోన్‌ను మూలిక ఆపలేదు, కాలం మాత్రం చేజారిపోతుంది. అసలు చికిత్స జరిగిన తరువాత క్షీణించిన కండకు, ఎముకకు పుష్టినిచ్చే ఆహారం, మృదువైన అభ్యంగనం, క్రమమైన నిద్ర, మెల్లని వ్యాయామం, ఇవన్నీ వైద్యుని అనుమతితో మనం చేయగలిగినవి. గృహవైద్యానికి స్థానం అక్కడ ఉన్నది.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి

1. పొట్ట, ముఖం లావై, కాళ్ళు చేతులు సన్నబడుతుంటే దానిని మామూలు లావుగా భావించవద్దు. ఊదారంగు చారలు, సులభంగా కమలడం, లేవలేకపోవడం కూడా ఉంటే వినాళ గ్రంథుల నిపుణుని కలవండి.

2. లావవుతున్న పిల్లవాడు ఎత్తు పెరగకపోతే ఆలస్యం చేయవద్దు.

3. పరీక్షకు ముందు మీరు వాడే మాత్రలు, చూర్ణాలు, కషాయాలు, పళ్ళపొడి, క్రీములు, పీల్చే మందులు అన్నిటినీ ఒక కాగితం మీద రాసి వైద్యునికి ఇవ్వండి. ఇంట్లో చేసుకున్నది మందు కాదని వదిలివేయవద్దు.

4. అతిమధురాన్ని పరీక్షకు రెండు వారాల ముందే ఆపండి. పొగాకు వాడేవారు ఆ సంగతి దాచవద్దు.

5. లాలాజలం రెండు రాత్రులైనా ఇవ్వండి. వేళ, తేదీ రాయండి. రాత్రి డ్యూటీ ఉంటే ముందే చెప్పండి.

6. పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య లేని మందు ఏ పేరుతో అమ్మినా కొనవద్దు. మూడు రోజుల్లో నొప్పులన్నీ మాయం చేసే పొడిని అనుమానించండి.

7. స్టెరాయిడ్ వాడుతున్నట్లు తెలిసినా, అనుమానమున్నా అకస్మాత్తుగా మానవద్దు. వైద్యుని చేతుల మీదుగానే తగ్గించాలి.

మన ప్రాచీనులు రోగ పరీక్షలో నాడితోపాటు మూత్రం, మలం, నాలుక, స్వరం, స్పర్శ, కన్నులు, ఆకృతి అనే ఎనిమిది అంశాలను చూడమన్నారు. రోగిని మందలించడానికి ముందు అతని ఆకృతిని శ్రద్ధగా చూడమనడమే అందులోని సారం. ఇంట్లో ఎవరైనా ఉపవాసాలున్నా లావు తగ్గక బాధపడుతుంటే, వారి కంచం వైపు చూసే ముందు వారి చేతుల వైపు, చర్మం వైపు ఒకసారి చూడండి. అనుమానం కలిగితే నిపుణునికి చూపించండి, పరీక్ష అవసరమో కాదో వారే చెబుతారు.